తేలిక పని

గేటు పక్కన గోడకు ఒక ఆకుపచ్చ బోర్డు ఉంది. దాని మీద తెల్ల అక్షరాలతో 'ప్రమాదం లేని రోజులు' అని రాసి, కింద అంకెలు మార్చుకోవడానికి కొక్కేలు పెట్టారు. రోజూ పొద్దున్నే పాత అంకె తీసి, దానికన్నా ఒకటి ఎక్కువది తగిలించాలి. ఇప్పుడు ఆ పని పిన్నిది. రేకు ముక్కను ఎడమచేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, చిల్లు కొక్కెంలోకి దూరేదాకా తంటాలు పడి తగిలిస్తుంది. కట్టు కట్టిన కుడిచెయ్యి మాత్రం ఛాతీని ఆనుకుని, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా ఆ తతంగమంతా ఊరికే చూస్తూ ఉంటుంది.

ఆ కట్టు లోపల మధ్యవేలూ ఉంగరపు వేలూ సగం సగమే ఉన్నాయి. మిగతా సగాలు ఈ అట్టపెట్టెల కార్ఖానాలోనే, ఆ బోర్డుకు కూతవేటు దూరంలో, కోతమిషను కింద పోయాయి. బోర్డు మీద అంకె ఆ రోజూ పెరిగింది, మర్నాడూ పెరిగింది. ఇప్పటికి ఎంతయిందో ఇక్కడ చెప్పడం అనవసరం. అబద్ధానికి కొలతలెందుకు?

అంకె ఎలా పెరిగిందంటే, దానికో సూత్రం ఉంది. దెబ్బ తగిలిన మనిషి మర్నాడు పనికి రాకపోతే అది ప్రమాదం. వస్తే చిన్న గాయం. చిన్న గాయాలు బోర్డుకెక్కవు. అందుకని పిన్నికి మత్తు పూర్తిగా దిగకముందే, తెల్లారేసరికి కంపెనీ కారు ఆసుపత్రి గుమ్మంలో వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళూ బస్సులో వేలాడుతూ వచ్చిన మనిషి ఆ రోజు దర్జాగా కారులో పనికి వచ్చింది. 'రెండు వేళ్ళు ఇస్తేగానీ కారు రాలేదన్నమాట' అనుకుంది దారిలో. ఆ మాట బయటికి అంటే పడీ పడీ నవ్వే జనం ఆమెకు ఉండేవాళ్ళు. కారులో డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. అతనితో అంటే అతను నవ్వలేదు. రెండో రోజు నుంచి కారూ లేదు.

నిజానికి ఆమెకు పెళ్ళి కాలేదు, అక్కలూ లేరు. వరస ప్రకారం చూస్తే ఈ భూమ్మీద ఆమెను పిన్నీ అని పిలవడానికి ఎవరికీ హక్కు లేదు. అయినా కార్ఖానాలో మేస్త్రి దగ్గర్నుంచి ఊడ్చే ముసలాయన దాకా అందరికీ పిన్నే. లేని వరస కాబట్టి ఎవరి వాటా ఎంత అన్న పేచీ కూడా లేదు.

"వంకరగా ఉందేమో చూడమ్మా," అన్నాడు వెనక నుంచి జాగ్రత్త సారు.

ఆయన కార్ఖానాకు భద్రతాధికారి. 'జాగ్రత్త' అనకుండా ఏ మాటా ముగించడు. మెట్లు దిగేవాడికీ చెబుతాడు, టీ తాగేవాడికీ చెబుతాడు, తుమ్మినవాడికీ చెబుతాడు. పిల్లవాడి పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చిన మేస్త్రితో కూడా అదే మాట అన్నాడని చెప్పుకుంటారు.

పిన్ని వెనక్కి నడిచి, తల పక్కకు వంచి చూసింది. వంకరగా ఉన్నది ఏదైనా సరే ఆమె కన్ను ఓర్చుకోదు.

"అంకె తిన్నగానే ఉంది సార్."

ఆ మాట వెనక ఇంకో మాట ఏమన్నా ఉందేమోనని ఆయన ఒక క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. కనిపించినట్టే ఉంది. "ఎండలో నిలబడకండి. జాగ్రత్త," అని లోపలికి వెళ్ళిపోయాడు.

దెబ్బ తగిలినవాళ్ళకు తేలిక పని ఇవ్వాలని రూలు. కంపెనీ వెతికి వెతికి, ఇంతకన్నా తేలికైనది దొరక్క, పిన్నిని భద్రతా శిక్షణ గదిలో కూర్చోబెట్టింది. పొద్దున అంకె మార్చడం, ఆ తర్వాత సాయంత్రం దాకా కూర్చోవడం. పోస్టర్ల మీద దుమ్ము తుడవచ్చు. గోడకున్న టీవీలో భద్రత మీద తీసిన సినిమా ఒకటి తిరుగుతూ ఉంటుంది, కావలిస్తే చూడవచ్చు. అందులో పసుపు టోపీ పెట్టుకున్న హీరో చిరునవ్వుతో "మీ చేతుల కోసం ఇంటి దగ్గర ఒకరు ఎదురుచూస్తున్నారు" అంటాడు. పిన్నికి అతని మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. అతను నోరు తెరవకముందే తను అందిస్తుంది. "ఎవరు నాయనా?" అని కూడా మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది.

గదిలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఊపిరాగిపోయినవాళ్ళకు ఊపిరి ఎలా పొయ్యాలో నేర్పడానికి తెచ్చిన రబ్బరు బొమ్మ. తలా ఛాతీ ఉన్నాయి, చేతులూ కాళ్ళూ లేవు. రోజంతా బల్ల మీద నోరు తెరుచుకుని పడుకుని ఉంటాడు, ఒక్క పని చెయ్యడు, పైగా రోజూ ఒకరు తుడవాలి. అందుకని పిన్ని అతనికి అల్లుడు అని పేరు పెట్టింది.

"నాకు రెండు వేళ్ళు పోతేనే దిక్కు లేదు. నీకు రెండు చేతులూ లేవు, నీ పరిహారం ఎప్పటికి తేలుతుంది అల్లుడూ?" అంది తడిగుడ్డతో అతని నుదురు తుడుస్తూ.

అల్లుడు ఏమీ అనలేదు. టీవీలో హీరో మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం గంట మోగితే పిన్నికి ప్రాణం లేచి వస్తుంది, ఆ వెంటనే చతికిలబడుతుంది. భోజనాల గది చెక్కగోడకు అవతలే ఉంది. కానీ ఆమె భోజనం కూడా ఈ గదిలోనే. పెట్టెలు కొనే కంపెనీల మనుషులు మధ్యాహ్నాలు వచ్చిపోతున్నారు, కట్టు కనబడితే బాగుండదని జాగ్రత్త సారు చేసిన ఏర్పాటు అది. పిన్ని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడం ఆయన కోసం కాదు. ఏడాదంతా ప్రమాదం లేకుండా గడిస్తే అందరికీ బోనసు, దాంతోపాటు ఒక బహుమతి అని కంపెనీ ఎప్పుడో చెప్పింది. వేళ్ళు తెగిన రెండో రోజు అందరి తరఫునా బావగారు వచ్చి చేతులు జోడించాడు. అతను ఎవరికి బావో ఎవరికీ తెలియదు, వేళాకోళాలు ఆడతాడు కాబట్టి బావగారు అయ్యాడు. ఆ రోజు వేళాకోళం ఆడలేదు. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో పిన్నీ. మా ఇల్లు కురుస్తోందని నీకు తెలుసుగా. ఒకరికి ఫీజులు, ఒకరికి అప్పులు. బహుమతుల రోజు కానియ్, తర్వాత నీ వెనక మేమంతా ఉంటాం," అన్నాడు. "సరేలేరా, దానికి దండాలెందుకు," అంది పిన్ని. అతను వెళ్ళాడు. ఆ తర్వాత ఎవరూ ఆ గది గుమ్మం తొక్కలేదు.

అవతల స్టూళ్ళు జరుగుతున్నాయి. డబ్బాలు తెరుస్తున్న చప్పుడు. ఆ బల్ల దగ్గర పిన్నికి జీతం లేని ఉద్యోగం ఒకటి ఉండేది. బిగుసుకుపోయిన మూతలన్నీ ఆమె ముందుకు వచ్చేవి. అట్టలు లాగీ లాగీ ఆమె చేతులకు వచ్చిన పట్టు అక్కడ మగవాళ్ళకు కూడా లేదు. "పిన్ని చెయ్యి పడితే ఎంత మొండి మూతైనా నోరు మూసుకుని తెరుచుకోవాల్సిందే," అనేవాడు బావగారు. తీసిన ప్రతి మూతకూ కూలిగా ఒక ముద్ద కూర ఆమె డబ్బాలోకి వచ్చేది. ఇంటి నుంచి తెచ్చుకున్న కూర ఏమిటో సగం రోజులు ఆమెకు గుర్తుండేది కాదు.

ఠంగ్, ఠంగ్ మని గోడ అవతల ఎవరో మూతను బల్ల అంచుకేసి కొడుతున్నారు.

"అట్లా కొట్టకురా, అంచు వంగిపోతుంది," అంది పిన్ని గోడతో. "చెంచా కొనతో కాస్త పైకి లేపు. లోపల పట్టిన గాలి పోతే అదే వస్తుంది."

ఠంగ్, ఠంగ్. చివరికి ఏదో ఊడి కిందపడి దొర్లింది. ఎవరూ నవ్వలేదు. పిన్ని చెవి గోడకు ఆనించి వింది. ఆమె వెతుకుతున్నది ఒక్క గొంతు. ఆ గొంతు ఇవాళ కూడా వినపడలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, చల్లారిపోయిన అన్నం తినడం మొదలుపెట్టింది.

ఆ గొంతు పిట్టది. మనిషి సన్నగా ఉంటుంది, వాగుడు ఎక్కువ, అందుకని పిట్ట. రెండేళ్ళుగా పిన్నికి మిషను జత. అత్తగారి సణుగుడూ మొగుడి గురకా పిల్లాడి పళ్ళూ, అన్నీ మిషను చప్పుడు మీదుగా అరిచి చెప్పేది. పిన్ని ఇంట్లో ఆ పిల్లాడి ఫొటో కూడా ఒకటి ఉంది.

ఆ మర్నాడు కట్టు మార్చే రోజు. కంపెనీ డాక్టరు కట్టు విప్పి, సగం వేళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. కుట్లు మానాయి. వేళ్ళ కొసలు ఎర్రగా, కొత్తగా, వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉన్నాయి.

"పూర్తి వేళ్ళు కావుగా, సగాలే," అన్నాడు డాక్టరు. "పట్టికలో కూడా సగమే వేస్తారు."

"ఏ పట్టిక డాక్టరుగారూ?"

"నష్టపరిహారం పట్టిక. బొటనవేలికి ఇంత, చూపుడువేలికి ఇంత అని ఉంటుంది. అయినా మీది ప్రమాదం కాదుగా, మీకు ఆ గొడవ లేదు." సంతోషకరమైన వార్త చెప్పినట్టే చెప్పాడు. "ఉంగరపు వేలు వంచడానికి ఇబ్బందిగా ఉందా?"

"దానికి ఉంగరం మోసే పని ఎప్పుడూ పడలేదు లెండి. పోయినా దానికేం నష్టం."

డాక్టరు నవ్వకుండా 'ఇబ్బంది లేదు' అని రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే దారి మిషన్ల పక్కగానే. పిన్ని తలుపు దగ్గర ఆగి విన్నది. మిషన్లన్నీ ఒక వరసలో దడ్, దడ్ మంటున్నాయి. ఆ వేగం వింటేనే ఆమెకు తెలుస్తుంది, ప్రతి దాంట్లోనూ మడత ఉందని. కార్ఖానాలో దాన్ని పిన్ని మడత అంటారు.

ప్రతి కోతమిషనుకూ రెండు బటన్లు, ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన. రెండూ ఒకేసారి నొక్కితేగానీ పై పలక దిగి అట్టను కొయ్యదు. రెండు చేతులూ బటన్ల మీదే ఉంటే పలక కింద పెట్టడానికి మూడో చెయ్యి ఉండదు కదా. మిషను చేసినవాడు బుద్ధిమంతుడే. కానీ రోజుకు ఇన్ని పెట్టెలు కావాలని చెప్పేవాడు ఆ మిషనును ఎప్పుడూ ముట్టుకోలేదు. వాడు అడిగినన్ని పెట్టెలు ఆ పద్ధతిలో రావు. అందుకని కొన్నేళ్ళ కిందట పిన్ని ఒక అట్టముక్కను మూడు మడతలు వేసి, కొస విరిచి, ఒక బటను పక్క సందులో దోపింది. ఆ బటను నొక్కినది నొక్కినట్టే ఉండిపోయింది. ఇక ఒకరు అట్ట పెడుతుంటే ఇంకొకరు రెండో బటను నొక్కుతూ పోవచ్చు. కొత్తగా చేరినవాళ్ళు నేర్చుకునే మొదటి విద్య అదే. చూడనట్టు నటించడం మేస్త్రి నేర్చుకున్న మొదటి విద్య.

వేళ్ళు తెగిన రోజు పిట్ట తన పిల్లాడు మొదటి అడుగు వేసిన వైనం చెబుతోంది. పిన్ని అట్ట పెట్టి చెయ్యి తీసింది. అట్ట కాస్త వంకరగా ఉందనిపించి, సరిచేద్దామని మళ్ళీ చెయ్యి పెట్టింది. చెయ్యి తీయడం పిట్ట చూసింది, మళ్ళీ పెట్టడం చూడలేదు. అంతే జరిగింది.

పిన్ని తలుపు దగ్గర నుంచి కదిలేసరికి నడవా చివర పిట్ట కనిపించింది, అట్టముక్కల గోతం ఒకటి లాక్కుంటూ. పిన్ని చెయ్యెత్తబోయింది. పిట్ట గోతం అక్కడే వదిలేసి, పక్కనున్న సామాన్ల గదిలోకి దూరిపోయింది. తలుపు పూర్తిగా మూతపడలేదు. కింద సందులోంచి పిట్ట చెప్పులు కనబడుతున్నాయి, ఒకదాని మీద ఒకటి తొక్కుకుని. ఎడమ చెప్పు పట్టీ పిన్నే కుట్టి ఇచ్చింది.

పిన్ని కాసేపు నిలబడింది. పిలిస్తే ఆ పిల్ల బయటికి రాక తప్పదు. 'రాక తప్పక వచ్చే మనిషిని ఏం చేసుకోను?' అనుకుంది.

"ఏమో, ఇక్కడ ఎవరూ ఉన్నట్టు లేరు," అని పైకే అని, ఎడమచేత్తో గోతాన్ని దారికి అడ్డం లేకుండా గోడ పక్కకు లాగి వెళ్ళిపోయింది.

బహుమతులకు ముందురోజు జాగ్రత్త సారు గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి కూర్చునేసరికి పిన్ని చేతిలోని తడిగుడ్డ పక్కన పెట్టేసింది.

"రేపటితో ఏడాది పూర్తవుతుందమ్మా," అన్నాడు.

"బహుమతులు కాగానే నా సంగతి చూద్దామన్నారు కదా సార్."

"చూశామమ్మా. పైనుంచి చెప్పారు. వచ్చే నెల నుంచి తేలిక పని ఉండదు. మీరు మళ్ళీ మిషను మీదికి వెళ్ళాలి."

పిన్ని కుడిచెయ్యి పైకెత్తి, అదెవరిదో అన్నట్టు చూసుకుంది. "ఈ చేత్తోనా?"

"వెళ్ళలేకపోతే ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి. మర్యాదగానే పంపుతారు. ఒక సంతకం పెడితే చాలు."

"ఎందుకు వెళ్ళలేకపోయానని రాస్తారు?"

ఆయన టోపీ తీసి, లోపల ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. "వయసు అని..."

"వయసయితే రెండు వేళ్ళకే ఎందుకయింది సార్? మిగతా మూడూ చిన్నపిల్లలా?"

ఆయన ముఖం ఎర్రబడింది. చెడ్డవాడు కాడు. బోర్డు మీద అంకె పడిపోతే తన ఉద్యోగం పోతుందని భయపడే మనిషి. రోజూ ఆమెకు టీ తెచ్చిచ్చేది ఆయనే, ఈ గోడల మధ్య ఆమెతో మాట్లాడేదీ ఆయనే. ఆయన్ను కూడా భోజనాల బల్ల దగ్గరికి ఎవరూ పిలవరు. లేచి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "జాగ్రత్తమ్మా," అన్నాడు. దేనికో ఆయనకే తెలియాలి.

ఆ సాయంత్రం మేడ మీద తన ఒంటి గదిలో పిన్ని అద్దం ముందు కూర్చుని, ఎడమచేత్తో తల దువ్వుకుంది. జడ ఎలాగూ రాదు. రబ్బరు బ్యాండు ఒక కొసను పంటితో పట్టుకుని, జుట్టు అందులోకి దూర్చి ఎలాగో ముడేసింది. ముడి ఒక పక్కకు ఒరిగింది. అద్దంలో ఆ వంకర చూసి విప్పింది, మళ్ళీ వేసింది, మళ్ళీ ఒరిగింది. అలాగే వదిలేసింది.

ఆలోచిస్తే రెండే దారులు. ప్రమాదం జరిగిందని రాయిస్తే పరిహారం వస్తుంది, చేతికి తగిన పని ఇవ్వమని అడిగే హక్కూ వస్తుంది. కానీ అప్పుడు బటను నొక్కిందెవరని అడుగుతారు. పిట్ట పేరు రాకుండా ఆ వేళ్ళు తెగే దారి ఆమెకు ఎంత వెతికినా దొరకలేదు. పైగా అందరి బోనసూ పోతుంది. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ పోదు, తనకు తప్ప. 'పోనీలే, నాకు మాత్రం ఎవరున్నారు పెట్టిపొయ్యడానికి' అనుకుంది. అనుకుని, ఆ మాట ఎంత నిజమో గుర్తొచ్చి, ఏడ్చింది. సంతకం పెట్టేద్దామని నిశ్చయించుకుని పడుకుంది.

బహుమతుల రోజు పెద్ద ఆఫీసు నుంచి అతిథులు వచ్చారు. పిన్నిని గదిలోనే ఉండమన్నారు. మైకులో ఎవరో "మీ చేతులే మా ఆస్తి" అన్నారు. చప్పట్లు. ఇంకెవరో చాలాసేపు మాట్లాడారు. చప్పట్లు ఈసారి రాలేదు. పిన్ని గోడకు చెవి పెట్టినా ఏమీ తెలియలేదు. కాసేపటికి జాగ్రత్త సారు వచ్చి ఒక అట్టపెట్టె ఆమె ముందు పెట్టి, ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. పెట్టె వాళ్ళ కార్ఖానాదే. లోపల ఒక స్టీలు ఫ్లాస్కు. పొట్ట మీద ఆకుపచ్చ అక్షరాలతో 'చేతులు పదిలం, బ్రతుకు పదిలం' అని ఉంది.

మధ్యాహ్నం గంట మోగింది. పిన్నికి టీ తాగాలనిపించింది. పొద్దున జాగ్రత్త సారు ఇచ్చిన టీ గ్లాసులో మిగిలి చల్లారిపోయింది, దాన్ని ఇందులో పోసుకుంటే సరి, బహుమతి వాడుకున్నట్టూ ఉంటుంది. ఎడమచేత్తో మూత తిప్పబోతే ఫ్లాస్కు మొత్తం తిరిగింది. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తిప్పింది, జారిపోయింది. పంటితో పట్టింది. తలుపు సందులో పెట్టింది. చివరికి అల్లుడి ఛాతీ కింద దోపి, మోచేత్తో అతన్ని అదిమిపెట్టి తిప్పింది. అల్లుడు ఫూ అని గాలి వదిలాడు, మూత మాత్రం కదల్లేదు.

పిన్నికి నవ్వొచ్చింది. ప్రమాదాలు జరగనందుకు ఇచ్చిన బహుమతి, రెండు చేతులూ ఉన్నవాళ్ళకు తప్ప తెరుచుకోదు. ఒక్కతే పగలబడి నవ్వింది. నవ్వుతూ తలెత్తి చూస్తే గదిలో ఆ నవ్వును అందుకునే మనిషి లేడు. రబ్బరువాడు నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. ఆ క్షణంలో ఆమెకు ఒళ్ళు మండింది. వీళ్ళు దూరం కాకూడదని కదా తను నోరు మూసుకుంది. మూసుకుని కూర్చున్నందుకు మిగిలింది ఈ బొమ్మా? ఈ నెల పోతే ఇది కూడా ఉండదు.

ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, గ్లాసు చేత్తో పట్టుకుని, భోజనాల గదిలోకి నడిచింది.

అందరూ ఉన్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కో ఫ్లాస్కు. డబ్బాలు సగం మంది తెరవనే లేదు. ఆమెను చూసి మాటలు ఆగాయనడానికి అక్కడ మాటలే లేవు. పిన్ని ఎప్పుడూ కూర్చునే చోట ఒకరి సంచి పెట్టి ఉంది. ఆ సంచి ఎవరో గబుక్కున తీసేశారు. పిన్ని కూర్చుని, ఫ్లాస్కు బల్ల మధ్యలో పెట్టి, దాని పక్కనే కుడిచెయ్యి పెట్టింది. ఇవాళ కట్టు లేదు. ఆ చేతిని వాళ్ళు చూడడం అదే మొదటిసారి.

"ఎవరైనా దీని మూత తీసిపెట్టండర్రా," అంది. "నావల్ల కావడం లేదు."

బావగారు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. బల్ల చివర నుంచి పిట్ట లేచింది. ఒక్కో స్టూలూ పట్టుకుంటూ నడిచి వచ్చి, పిన్ని పక్కన నిలబడి, మూత మీద చెయ్యి వేసింది. పట్టు దొరకడం లేదు.

"కింద నేను పట్టుకుంటా. నువ్వు తిప్పు," అంది పిన్ని.

పిన్ని ఎడమచేత్తో ఫ్లాస్కును బల్లకు అదిమిపట్టింది. పిట్ట తిప్పింది. ఒకసారి జారింది. రెండోసారి తిప్పితే కిర్రుమని వచ్చింది. మూత చేతిలో పట్టుకుని పిట్ట అక్కడే కూలబడి, పిన్ని ఒళ్ళో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

"నేనే పిన్నీ. చూసుకోకుండా నేనే నొక్కేశా. నీ ముఖం చూడ్డానికి చేతకాలేదు నాకు."

"చేతకాని పని నువ్వెందుకు చేస్తావులే. వాగడం ఒక్కటే వచ్చు నీకు, అది కూడా మానేశావు," అంది పిన్ని, దాని తల మీద కుడిచెయ్యి వేసి. ఆ సగం వేళ్ళకు జుట్టు తగిలితే చురుక్కుమంది. చెయ్యి తియ్యలేదు. తర్వాత బల్ల చుట్టూ చూసి, "రేపు ప్రమాదం అని రాయిస్తున్నా. మీ బోనసు పోతుంది. తిట్టుకుంటే తిట్టుకోండి," అంది.

బావగారు ముఖం మీంచి చేతులు తీశాడు. "ఏ బోనసు పిన్నీ? వినలేదా నువ్వు? ఈ ఏడు పరిస్థితులు బాగోలేవట, వచ్చే ఏడాది చూస్తారట. ఇదిగో, ఇచ్చింది ఇదే." ఫ్లాస్కును వేలితో ఒక్క పోటు పొడిచాడు. అది దొర్లి, అన్నం డబ్బాకు తగిలి ఆగింది. "నిన్ను గదిలో పెట్టి మేం సంపాదించుకుంది."

జాలి అన్నది తనకు వాళ్ళ మీద ఉండాలో, వాళ్ళకు తన మీద ఉండాలో పిన్నికి అర్థం కాలేదు.

అప్పుడే జాగ్రత్త సారు గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, మీరిక్కడ కూర్చున్నారేమిటి, అతిథులు ఇంకా వెళ్ళలేదు..."

"ప్రమాదం రాయించాలి సార్. మిషను దగ్గర జరిగింది. బటనులో మడత పెట్టింది నేను."

"నొక్కింది నేను," అంది పిట్ట లేచి నిలబడి, ముక్కు తుడుచుకుంటూ. "నా పేరు కూడా రాయండి."

"మడత ఆమె ఒక్కతే పెట్టిందనుకుంటున్నారా?" బావగారు చొక్కా జేబులోంచి అట్టముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. మూడు మడతలు, కొస విరిచి ఉంది. పక్కనున్న ఆవిడ కొంగుముడిలోంచి ఇంకోటి తీసింది. ఆ తర్వాత ఒకటీ ఒకటీ ఫ్లాస్కుల మధ్య చేరాయి. "ఇన్ని పెట్టెలు కావాలన్నవాడిని కూడా రాసుకోండి సారూ."

జాగ్రత్త సారుకు ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు మనిషి తెలిసిన పనే చేస్తాడు. "అయితే ఫ్లాస్కులు వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది," అన్నాడు నీరసంగా.

"తీసుకుందురుగాని, టీ అయిపోనివ్వండి," అంది పిన్ని. గ్లాసులోని టీ ఫ్లాస్కులో పోసి, ఫ్లాస్కులోంచి మూతలోకి వంచి, ఆయన వైపు జరిపింది. "కూర్చోండి సార్. మాతో ఎప్పుడూ కూర్చోరు మీరు."

ఆయన కూర్చోలేదు. అలా అని వెళ్ళనూ లేదు. కాసేపటికి మూత అందుకుని, నిలబడే, ఒక గుక్క తాగాడు.

మర్నాడు పొద్దున సున్నా రేకులు ఆయనే వెతికి తెచ్చాడు. మూడోది ఎప్పుడూ వాడనిది కాబట్టి రంగు మెరుస్తోంది. మూడూ పిన్ని చేతిలో పెట్టి, విచారణ జరుగుతుందనీ, తన ఉద్యోగం సంగతి తనకే తెలియదనీ, పిట్టను నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉండమన్నారనీ చెప్పాడు. చివర్లో జాగ్రత్త అనడం మరిచిపోయాడు.

పిన్ని పాత అంకెలు ఒక్కొక్కటే తీసింది. మొదటి సున్నా తగిలించింది. జనం గేటులోకి వస్తూ బోర్డు చూసి, తలలు దించుకుని లోపలికి పోతున్నారు. తన వేళ్ళు తెగిన సంగతి ఇన్నాళ్ళకు గోడ మీదికి ఎక్కింది. ఇదే కావాలనుకుంది, వచ్చింది. అయినా చివరి సున్నా పట్టుకుని మునివేళ్ళ మీద లేచేసరికి కళ్ళు మసకలై కొక్కెం కనబడలేదు. తడిమి తడిమి ఎలాగో తగిలించింది.

"పిన్నీ, అది వంకరగా ఉంది."

గేటు బయట పిట్ట నిలబడి ఉంది, చంకలో పిల్లాడితో. లోపలికి రానివ్వరని తెలుసు, అయినా వచ్చింది.

"ఎటు?" అంది పిన్ని, వెనక్కి తిరక్కుండా కళ్ళు తుడుచుకుంటూ.

"ఎడమ పక్కకి. ఇంకొంచెం. మొన్న మావాడు ఏం చేశాడో తెలుసా..."

పిట్ట చెప్పడం మొదలుపెట్టింది. పిన్ని ఎడమచేత్తో సున్నాను పట్టుకుని, అటు కొంచెం, ఇటు కొంచెం జరుపుతూ, అది తిన్నగా అయిన తర్వాత కూడా చాలాసేపు సరిచేస్తూనే ఉంది.